రగ్బీ లీగ్‌ని నమ్ముకుని బతకొచ్చా? సిడ్నీలో ఒక తండ్రికి జవాబు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. వెంట్వర్త్‌విల్‌లో ఉంటున్నారు. బాబుకి 15 ఏళ్లు, లోకల్ క్లబ్‌లో హాఫ్‌బ్యాక్‌గా, అంటే జట్టు ఆటని నడిపించే 7వ నంబరు స్థానంలో, ఆడుతున్నాడు. హెరాల్డ్ మాథ్యూస్ అనే అండర్ 17 పోటీ జట్టు కోసం తయారుచేసే స్క్వాడ్‌లోకి పిలుపు వచ్చింది. వారానికి మూడు సాయంత్రాలు ట్రైనింగ్. వాడు ఇదే నా కెరీర్ అంటున్నాడు. వాళ్లమ్మ తలకి దెబ్బ తగులుతుందని నిద్రపోవడం లేదు. ఇది నిజంగా ఒక ఉద్యోగమేనా, ఎన్నేళ్లు ఉంటుంది, ఎంత వస్తుంది, ప్రమాదం ఎంత అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది తెనాలి. సిడ్నీ వచ్చి 19 ఏళ్లయింది. అందులో 16 ఏళ్లు వెస్టర్న్ సిడ్నీలో కుర్రాళ్ల జట్లతోనూ, ఆ తర్వాత ఒక రిజర్వ్ గ్రేడ్ (పై స్థాయికి ఒక మెట్టు కింది) జట్టుతోనూ గడిచాయి. వందల మంది పిల్లల మోకాళ్లకీ భుజాలకీ టేపు చుట్టాను. వాళ్లలో ఎన్ఆర్ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్, ఇక్కడ అన్నిటికన్నా పై స్థాయి పోటీ) దాకా వెళ్లినవాళ్లని రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెళ్లలేకపోయినవాళ్లలో చాలామంది ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. ఈ జవాబులో ఎక్కువ భాగం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆడనివ్వండి. వాడు ఎన్ఆర్ఎల్ ఆటగాడు అయి తీరతాడన్న నమ్మకంతో కాదు, 21 ఏళ్లు వచ్చేదాకా ఆ తలుపు తెరిచి ఉంచడానికి. ఈ వృత్తిలో ఎవరు నిలుస్తారు, ఎవరు వెనక్కి వస్తారు అన్నది 17కీ 21కీ మధ్య తేలిపోతుంది. అదంతా టీవీలో కనిపించదు. మీరూ వాడూ ఆ నాలుగేళ్లకి ఎలా సిద్ధపడతారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

చెల్లెమ్మకి ఈ ఆట గురించి చెప్పాలంటే చెడుగుడుతో మొదలుపెట్టండి. ఒక్కొక్క వైపు 13 మంది, 80 నిమిషాలు. బంతి పట్టుకున్నవాడు కూతకి వెళ్లినట్టు ఎదుటి వరుసలోకి దూసుకెళ్తాడు, వాళ్లు పట్టు పడతారు. పడిపోయినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టి మళ్లీ ఆట మొదలుపెడతాడు. అలా 6 పట్లు. ఆలోపు గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే 4 పాయింట్లు, లేకపోతే బంతి ఎదుటివాళ్లకి పోతుంది. ప్రతి పట్టు తర్వాతా డిఫెన్స్ వాళ్లు 10 మీటర్లు వెనక్కి పరిగెత్తాలి, మళ్లీ ముందుకొచ్చి ఢీకొట్టాలి. చూసేవాళ్లకి ఢీకొట్టడమే కనిపిస్తుంది కానీ, మనిషిని కుంగదీసేది ఆ వెనక్కీ ముందుకీ పరుగే. మన ఊళ్లలో కొందరికి తెలిసిన 15 మంది రగ్బీ యూనియన్ వేరు, ఇది వేరు.

దీంతో బతకొచ్చా అన్న మీ ప్రశ్న ఈ ఆట పుట్టుకలోనే ఉంది. ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకి వస్తే ఆ రోజు కూలి పోయేది. ఆ నష్టం క్లబ్బులు భర్తీ చేస్తామంటే లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఆ క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. అదే రగ్బీ లీగ్. సిడ్నీలో కూడా 1907లో ఇలాంటి గొడవే జరిగి 1908లో మొదటి సీజన్ ఆడారు. కూలి గురించి పుట్టిన ఆటే అయినా, దాదాపు వందేళ్లు ఆటగాళ్లలో ఎక్కువమంది పగలు వేరే పని చేసుకుంటూ సాయంత్రం ట్రైనింగ్‌కి వచ్చేవారు. ఆటే పూర్తికాలం ఉద్యోగం అన్నది 1990ల నడుమ టీవీ డబ్బు వచ్చాకే స్థిరపడింది. అంటే మీవాడు కోరుకుంటున్న ఉద్యోగం వయసు ముప్పై ఏళ్లే.

ఇక మెట్లు. న్యూసౌత్‌వేల్స్‌లో హెరాల్డ్ మాథ్యూస్ అంటే అండర్ 17. దాని పైన ఎస్‌జీ బాల్, అండర్ 19. ఆ పైన జెర్సీ ఫ్లెగ్, అండర్ 21. తర్వాత న్యూసౌత్‌వేల్స్ కప్, దాన్నే రిజర్వ్ గ్రేడ్ అంటాం. దాని పైన ఎన్ఆర్ఎల్. 2023లో డాల్ఫిన్స్ చేరాక 17 క్లబ్బులయ్యాయి. ఒక్కో క్లబ్‌కి ప్రధాన జాబితాలో 30 మంది. అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మొత్తం మీద 510 ఉద్యోగాలు. 2027లో పెర్త్, 2028లో పాపువా న్యూగినీ జట్లు వస్తే ఇంకో 60. ఆ కుర్చీల్లో చాలామంది ఐదారేళ్లు కదలరు కాబట్టి ఏటా ఖాళీ అయ్యేవి తక్కువే. కింద నుంచి వచ్చేవాళ్లు మాత్రం బ్రిస్బేన్ నుంచి ఆక్లాండ్ దాకా ఉన్నారు. ఎన్ఆర్ఎల్ ఆటగాళ్లలో దాదాపు సగం మంది పసిఫిక్ దీవుల, మావోరి కుటుంబాల పిల్లలు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో, చర్చిలో, వీధిలో ఈ ఆటే ఊపిరిగా పెరిగినవాళ్లు.

మీ ఇల్లు మాత్రం మంచి చోట ఉంది. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన పెన్రిత్ జట్టులో జరోమ్ లువాయ్, బ్రయన్ టో మౌంట్ డ్రూయిట్ వైపు పిల్లలే. మీకు అరగంట దూరం. ఈ పక్క నుంచి ఎవరూ రారు అనడానికి లేదు.

15 ఏళ్ల వయసులో కోచ్‌లు చూసేది చాలావరకు ఒంటి సైజునే. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. ఒక ఏడాది మా అండర్ 16లో ఒక కుర్రాడు 95 కిలోలు, నిండా గడ్డం. బంతి ఇస్తే ముగ్గురిని ఈడ్చుకుంటూ వెళ్లిపోయేవాడు. అందరూ వాడి చుట్టూ ఏజెంట్లలా తిరిగారు, నిజంగా ఒక ఏజెంట్ కూడా వచ్చాడు. వాడికి పాస్ ఇవ్వడం నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. 19 వచ్చేసరికి మిగతావాళ్లందరూ అంతే బరువయ్యారు. అప్పుడు వాడి దగ్గర ఇంకేమీ లేదు. అదే జట్టులో 62 కిలోల హుకర్ (పట్టు తర్వాత వెనక్కి నెట్టిన బంతిని అందుకుని పంచేవాడు) ఒకడు, ప్రతిసారీ చివరి పేరుగా ఎంపికయ్యేవాడు. ఆరేళ్ల తర్వాత వాడు రిజర్వ్ గ్రేడ్ కెప్టెన్. అందుకే మీవాడిని ఈ ఏడాది తీసుకున్నా పొంగిపోవద్దు, తీసేసినా కుంగిపోవద్దు. చివరికి వాడు ఎదిగే ఎత్తు, ఎముకల ఎదుగుదల, ఈత, పరుగు, పాస్ ఇచ్చే చేతి వాటం, ఇవన్నీ ఇంకా తేలాల్సినవే.

జోనాథన్ థర్స్టన్ సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది. సన్నగా ఉన్నాడని క్లబ్బులు పక్కన పెట్టిన కుర్రాడు. తర్వాత అత్యుత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకం నాలుగుసార్లు గెలిచాడు: 2005, 2007, 2014, 2015. 2004లో తన జట్టు బుల్‌డాగ్స్ టైటిల్ గెలిచినప్పుడు, గాయం వల్ల ఫైనల్ ఆడలేకపోయిన కెప్టెన్ స్టీవ్ ప్రైస్‌కి తన ఉంగరం ఇచ్చేశాడు. 2015 ఫైనల్లో అదనపు సమయంలో అతను కొట్టిన ఒక్క పాయింట్ గోల్‌తో నార్త్ క్వీన్స్‌లాండ్ 17-16తో బ్రిస్బేన్‌ని ఓడించింది. 323 ఎన్ఆర్ఎల్ మ్యాచ్‌లు ఆడాడు. అలాంటివాళ్లు తరానికి ఒకరిద్దరు. అయినా ఆయన కథ చెప్తున్నాను, ఎందుకంటే మీవాడిది కూడా 7వ నంబరే, ఒళ్లు సన్నమే అని రాశారు. హాఫ్‌బ్యాక్‌కి ఒంటికన్నా చూపు ముఖ్యం. ఐదో పట్టు దగ్గర ఎదుటివాళ్లలో అంచున ఆడే వింగర్ ఎంత లోపలికి వచ్చాడో కనిపెట్టి, కాలితో బంతి ఎక్కడికి పంపాలో అర సెకనులో తేల్చుకోవాలి. అది 15 ఏళ్లప్పుడు సగమే కనిపిస్తుంది. ఇంకో సంగతి: ఎదుటి జట్టు పెద్ద ఫార్వర్డ్‌లని, అంటే ఢీకొట్టే పని చేసే బరువైనవాళ్లని, కావాలనే హాఫ్‌బ్యాక్ వైపు పరిగెత్తిస్తుంది, వాడిని అలసగొట్టడానికి. అందుకే వాడికి పట్టు పట్టే పద్ధతి మిగతావాళ్లకన్నా శుభ్రంగా రావాలి. దాని సంగతి కింద రాస్తాను.

21 దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. ఫ్లెగ్ వయసు దాటాక కుర్రాడికి జట్టు ఉండదు. ఎన్ఆర్ఎల్ జాబితాలో చోటు దొరకాలి, లేదా డెవలప్‌మెంట్ కాంట్రాక్ట్ (ఆ 30 మంది జాబితా బయట ఉంచి తయారుచేసే ఒప్పందం), లేదా నవంబర్ నుంచి సీజన్ ముందు దాకా నడిచే ట్రైన్ అండ్ ట్రయల్ ఒప్పందం. అవేవీ రాకపోతే రిజర్వ్ గ్రేడ్‌లో మ్యాచ్‌కింత అని ఆడుతూ, తెల్లారుజామున బిల్డింగ్ సైట్‌కో, స్కూల్లో స్పోర్ట్స్ అసిస్టెంట్ పనికో వెళ్లి, సాయంత్రం ట్రైనింగ్‌కి రావాలి. ఒక కుర్రాడిని నేను మర్చిపోలేను. సెప్టెంబరులో పది నిమిషాల మీటింగ్‌లో చెప్పారు, కాంట్రాక్ట్ లేదని. వాడు నేరుగా నా గదికి వచ్చి మామూలుగా చీలమండ టేపు వేయమని బల్ల మీద కూర్చున్నాడు. ట్రైనింగ్ అయిపోయిందిరా అంటే, తెలుసు, ఇంకేం చేయాలో తెలీడం లేదు అన్నాడు. వాడి చేతిలో చదువు లేదు, పని లేదు. పదో తరగతి తర్వాత అన్నీ ఆట కోసమే వదిలేశారు, ఇంట్లోవాళ్లు ప్రేమతోనే వదిలించారు. ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌గా బాగానే ఉన్నాడు, కానీ అక్కడికి చేరడానికి నాలుగేళ్లు పట్టింది.

డబ్బు గురించి. 2023లో ఆటగాళ్ల సంఘానికీ లీగ్‌కీ కుదిరిన ఒప్పందంలో ప్రధాన జాబితా ఆటగాడికి కనీస జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు, 2027 నాటికి 1,50,000. పైన ఆకాశమే. 2017లో జేసన్ టౌమలోలోకి పదేళ్లకి సుమారు కోటి డాలర్ల ఒప్పందం ఇచ్చారు. కానీ క్లబ్ మొత్తం జీతాలకి ఒక పరిమితి ఉంటుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. దాన్ని దొంగ లెక్కలతో దాటినందుకు 2010లో మెల్‌బోర్న్ స్టార్మ్ 2007, 2009 టైటిళ్లు పోగొట్టుకుంది. ఈ పరిమితి వల్ల నలిగేది స్టార్ కాదు, మధ్యలో ఉన్న 27, 28 ఏళ్ల మంచి ఆటగాడు. స్టార్‌కి పెంచాలంటే వాడిని తీసి, కనీస జీతానికి వచ్చే 20 ఏళ్ల కుర్రాడిని పెట్టుకోవాలి. ఆ కుర్రాడు అలాగే లోపలికి వస్తాడు, ఏడేళ్ల తర్వాత అలాగే బయటికి పోతాడు. కాంట్రాక్ట్‌లు ఎక్కువగా ఒకటి నుంచి మూడేళ్లవి. చివరి ఏడాదికి ముందు నవంబర్ 1 నుంచి వేరే క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. ఇల్లు కొన్నాక ఇంకో రాష్ట్రానికి మారాల్సి రావడం ఇక్కడ మామూలే. ఐటీ జీతంతో పోల్చి ఎక్కువా తక్కువా అని చూడకండి. ఆ జీతం ఎన్ని సంవత్సరాలు వస్తుందో చూడండి. ఐదారేళ్లు వచ్చినవాడు అదృష్టవంతుడు. 30 దాటి ఆడినవాడిని లాకర్ రూములో పెద్దాయనలా చూస్తారు. 430 మ్యాచ్‌లు ఆడిన కామెరాన్ స్మిత్‌ని చూసి లెక్కలు వేసుకోకూడదు.

ఇంగ్లండ్ దారి కూడా ఉంది. అక్కడి పై స్థాయి పోటీ సూపర్ లీగ్‌లో 2026 నుంచి 14 జట్లు, ఫ్రాన్స్‌లోని పెర్పిన్యా, తులూజ్ జట్లతో కలిపి. అక్కడ క్లబ్ జీతాల పరిమితి 21 లక్షల పౌండ్లు, కాబట్టి మధ్యరకం ఆటగాడికి వచ్చేది సిడ్నీలో వచ్చేదానికన్నా చాలా తక్కువ. కానీ ఆట, ఊరు, అనుభవం దొరుకుతాయి. మీ అమ్మాయి కూడా ఆడుతుందని ఒక ముక్క రాశారు. మహిళల లీగ్ 2018లో మొదలైంది. జీతాలు పెరుగుతున్నాయి కానీ ఇంకా అదొక్కటే నమ్ముకునే స్థాయిలో చాలామందికి లేవు.

ఇప్పుడు తల గురించి. చెల్లెమ్మ భయం అర్థం లేనిది కాదు. నేను ఫిజియోగా చెప్తున్నాను, మోకాలి లిగమెంట్ తెగితే 9 నుంచి 12 నెలలు పోతాయి, కానీ తిరిగొస్తాం. భుజం సర్జరీ చేయించుకుని ఆడినవాళ్లు ఎందరో. మెదడు అలా కాదు. పైన థర్స్టన్ గెలిచిన రెండు టైటిళ్ల గురించి రాశాను. 2004లో ఆయన కోచ్ స్టీవ్ ఫోక్స్. 2015లో కోచ్ పాల్ గ్రీన్. ఇద్దరూ ఒకప్పుడు ఈ ఆట ఆడినవాళ్లే. ఇద్దరూ చనిపోయాక మెదడు పరీక్షిస్తే, పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే జబ్బు కనిపించింది. ఫోక్స్ విషయం 2019లో బయటపడింది. గ్రీన్ 2022లో 49 ఏళ్లకే పోయారు. సిడ్నీ రూస్టర్స్‌కీ న్యూసౌత్‌వేల్స్‌కీ కెప్టెన్‌గా చేసిన బాయ్డ్ కార్డ్‌నర్ తల దెబ్బల వల్ల 2021లో 29 ఏళ్లకి ఆట మానేశాడు. అదే ఏడాది అదే క్లబ్ నుంచి జేక్ ఫ్రెండ్ కూడా. 2014లో అలెక్స్ మెకినన్ ఒక పట్టులో మెడ విరిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అది చాలా అరుదు, కానీ జరిగింది, దాచిపెట్టి మీకు సలహా ఇవ్వలేను.

దీనికి ఇప్పుడు నియమాలు గట్టిపడ్డాయి. ఎన్ఆర్ఎల్‌లో 2023 నుంచి కంకషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) తేలితే 11 రోజులు ఆటకి దూరంగా ఉండాలి. పిల్లల విషయంలో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో ఇచ్చిన సూచన ఇంకా కఠినం: లక్షణాలు పూర్తిగా పోయాక 14 రోజుల వరకూ ఢీకొట్టే ట్రైనింగ్ వద్దు, దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజుల దాకా మ్యాచ్ వద్దు. మీ ఇంట్లో ఇది చట్టం. సెమీఫైనల్ ఉన్నా, సెలెక్టర్లు వచ్చినా మారదు.

ఒకసారి ఒక నాకౌట్ మ్యాచ్‌లో ఒక కుర్రాడు పట్టు పట్టబోయి తల మోకాలికి తగిలి పడ్డాడు. లేచాడు, బాగానే ఉన్నాను అన్నాడు. కళ్లు నా మీద నిలవడం లేదు. బయటికి తీసుకొచ్చేశాను. మేము రెండు పాయింట్లతో ఓడిపోయాం. వాళ్ల నాన్న పార్కింగ్‌లో నా మీద కేకలేశాడు, సీజన్ అంతా నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి ఇంట్లో కుర్రాడు మూడుసార్లు వాంతి చేసుకున్నాడని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. పిల్లలు దాస్తారు. జట్టులో చోటు పోతుందని దాస్తారు, నాన్న నిరాశపడతాడని దాస్తారు. మీవాడు మీ దగ్గర దాచకుండా ఉండాలంటే మ్యాచ్ అయ్యాక కారులో మొదటి ప్రశ్న స్కోరు గురించి ఉండకూడదు.

పట్టు పద్ధతి నేర్పడం మీద డబ్బు పెట్టినా దండగ కాదు. తల పక్కకి, ఎదుటివాడి తుంటి వెనక్కి పోవాలి, ఎప్పుడూ ముందుకి రాకూడదు. భుజం తాకాలి, కాళ్లు కదులుతూ ఉండాలి. జూనియర్లలో నేను చూసిన కంకషన్లలో చాలా వరకు పట్టు పట్టినవాడికే వచ్చాయి, తల తప్పు వైపు పెట్టడం వల్ల.

చదువు విషయంలో మీరు అనుకున్నంత తగాదా లేదు. మాథ్యూస్, ఎస్‌జీ బాల్ పోటీలు ఫిబ్రవరిలో మొదలై ఏప్రిల్ చివరికో మే మొదటికో అయిపోతాయి. దానికి ముందు నవంబర్ నుంచి ప్రీ సీజన్. పన్నెండో తరగతి హెచ్ఎస్సీ పరీక్షలు అక్టోబరులో మొదలవుతాయి. అంటే ఆ ఏడాది రెండో సగం చదువుకి మిగులుతుంది. ఆదివారం చదువు కోచింగ్‌ని వారంలో ఒక రోజుకి మార్చుకోండి. పిల్లవాడికి ఒక్క రోజైనా పూర్తి ఖాళీ ఉండాలి. మెడిసిన్ సీటే లక్ష్యమైతే రెండూ ఒకే వేగంతో నడవవు, ఆ సంగతి ఇప్పుడే వాడితో కూర్చుని మాట్లాడండి. స్పోర్ట్స్ సైన్స్, టీచింగ్, ఫిజియో, ఏదైనా చేతిపని అప్రెంటిస్‌షిప్ అయితే ఆటతో పాటు నెమ్మదిగా పూర్తి చేసినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో 21 దగ్గర ఆగిపోయినవాళ్లు కూడా ఆ ఏడాది ఏడ్చారు కానీ కూలిపోలేదు. బాగా ఆడినవాళ్లలో కూడా వీళ్లే ఎక్కువ ఉన్నారు, ఎందుకంటే ప్రతి శనివారం ప్రాణం మీదికి వచ్చినట్టు టెన్షన్ పడరు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. అన్నం మానిపించకండి, ట్రైనింగ్ రోజుల్లో అదే కావాలి. పప్పు, పెరుగు, గుడ్లు, చికెన్ పెంచండి. రాత్రి 9 గంటల నిద్ర. సప్లిమెంట్ డబ్బాలు మాత్రం కొనకండి. రక్తంలో ఏం దొరికినా, తెలియక తాగినా, శిక్ష పడేది ఆటగాడికే.

డబ్బు కాకుండా ఈ ఆట ఏమిస్తుందని మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఇంగ్లండ్‌లోని లీడ్స్ జట్టులో రాబ్ బరో అని 165 సెంటీమీటర్ల ఆటగాడు, ఎనిమిది గ్రాండ్ ఫైనల్స్ గెలిచాడు. 2019లో ఆయనకి మోటార్ న్యూరాన్ జబ్బని తేలింది. పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ 2020లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తి ఆ జబ్బు కోసం 20 లక్షల పౌండ్లకి పైగా కూడబెట్టాడు. 2023లో లీడ్స్ మారథాన్‌లో బరోని చక్రాల కుర్చీలో తోసుకుంటూ పరిగెత్తి, చివర్లో చేతుల్లోకి ఎత్తుకుని గీత దాటించాడు. బరో 2024 జూన్‌లో పోయారు. మా రిజర్వ్ గ్రేడ్ కుర్రాళ్లు కూడా ఇప్పటికీ ఒకరి పెళ్లికి ఒకరు, ఒకరి ఇల్లు మారితే సామాను మోయడానికి ఒకరు వస్తారు. ఎన్ఆర్ఎల్‌కి వెళ్లనివాళ్లే.

స్క్వాడ్ మీటింగ్‌కి చెల్లెమ్మని తప్పకుండా తీసుకెళ్లండి. మ్యాచ్ రోజు మైదానంలో డాక్టరో, తర్ఫీదు పొందిన హెడ్ ట్రైనరో ఉంటారా అని ఆమెతోనే అడిగించండి. వారానికి ఎన్ని నిమిషాలు పూర్తి ఢీకొట్టే ట్రైనింగ్ అని అడగండి. చదువు గురించి పట్టించుకునే వెల్ఫేర్ మనిషి పేరు, నంబర్ తీసుకోండి. కంకషన్ తర్వాత తిరిగి ఆడించే నిర్ణయం ఎవరిదని అడగండి. కోచ్‌దే అన్నారంటే ఆ చోటు వద్దు. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే ఇంటికి తెచ్చుకుని చదివి పెట్టండి, ఆ రాత్రే కావాలని తొందర పెడితే అనుమానించండి.

ఇంకొకటి, మొదటి కాంటాక్ట్ సెషన్ లోపు డెంటిస్ట్ దగ్గర కొలతలిచ్చి మౌత్‌గార్డ్ చేయించండి. తయారవడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈ వయసులో పళ్లు ఇంకా సర్దుకుంటూ ఉంటాయి, వచ్చే ఏడాది మళ్లీ కొత్తది చేయించాలి.